మా అక్క ఎవరికీ ఇవ్వని బ్రష్

ఇందుమూలంగా మా పలకల వీధి ప్రజలందరికీ తెలియజేయడమేమనగా, వీధి మొత్తం మీద తెల్లటి దుప్పట్లున్న ఇల్లు అనే పదవి ఖాళీ అయింది. చాలా ఏళ్ళుగా ఒకే మనిషి పోటీ లేకుండా ఆ పదవిని ఏలుకుంది. ఇకమీదట ఎవరైనా పోటీకి దిగవచ్చు. నీలిమందు దట్టంగా వేయవచ్చు, బండకేసి బాదవచ్చు, ఎదుటివారి దుప్పటి మీద బురద చల్లవచ్చు. మొదటి దరఖాస్తు నాదే.

ఆ పదవిలో ఉన్న మనిషి నా తోడికోడలు, మా ఆయన అన్నగారి భార్య. నేను అక్కా అని పిలిచేదాన్ని. పోయిన నెలలో ఒక పొద్దున గుండెలో నొప్పి అంది. ఆస్పత్రిలో చేర్చిన మర్నాడే పోయింది. మా బావ దగ్గుతో మంచం పట్టి చాలా కాలమైంది. ముందు వెళ్ళేది ఆయనేనని చుట్టాలంతా మనసులో అనుకుంటూనే ఉన్నారు. అక్కడ కూడా మా అక్క ఎవర్నీ ముందుకు పోనివ్వలేదు.

ఆస్పత్రిలో ఆమె చివరిసారి మాట్లాడింది నాతోనే. ఏం మాట్లాడిందో తర్వాత చెబుతాను. బతికినన్నాళ్ళూ ఆమెను చూసి నేను కుళ్ళుకున్నాను. ఆ ఒక్క మాట విషయంలో మాత్రం చుట్టాలందరూ నన్ను చూసి కుళ్ళుకున్నారు. నాకు ఆ మాత్రం చాలు.

మాది మార్కాపురంలో పలకలు కోసే షెడ్ల పక్క వీధి. వాళ్ళ ఇల్లు, మా ఇల్లు పక్కపక్కనే. మధ్యలో ఒక సందు. మాకు ఎండకేం కొదవ లేదు. దండెం మీద తడి బట్ట వేసి వెనక్కి తిరిగేలోపు ఆరిపోతుంది. కాకపోతే ఆరేలోపు దాని మీద పలకల పొడి ఒక పూత పూసి పోతుంది. మేమందరం దులుపుకుని కప్పుకుంటాం. బావ కప్పుకోలేడు. వయసంతా కోత మిషను దగ్గర, ముక్కుకు తువ్వాలు కట్టుకుని పనిచేసిన మనిషి ఆయన. ఆ తువ్వాలు ఎంత పొడి ఆపిందో, ఎంత లోపలికి పంపిందో ఆయన దగ్గు వింటే తెలుస్తుంది. దండెం మీద ఆరిన దుప్పటి కప్పామంటే ఇక ఆయన గుక్కతిప్పుకోలేడు.

గిద్దలూరులో అక్క తమ్ముడికి ఒక లాడ్జి ఉండేది. అది మూసేసినప్పుడు అందులో బట్టలు ఆరబెట్టే డ్రయ్యరును లారీ మీద తెచ్చి అక్క ఇంట్లో దించాడు. దాని వెనక లావాటి గొట్టం. గోడకు బెజ్జం కొట్టి ఆ గొట్టం మూతిని సందులోకి పెట్టారు. గాలి వచ్చినప్పుడు లేచి, ఆగినప్పుడు పడిపోయే ఒక రేకు మూత దానికి. సరిగ్గా నా కిటికీకి ఎదురుగా. మిషను వాళ్ళది, వేడిగాలి మాది.

"ఏందక్కా, మార్కాపురంలో ఎండ అయిపోయిందా? కరెంటు పెట్టి ఆరబెడతాండావు?" అన్నాను మొదటి రోజే.

"ఎండ యాడికి పోతాదమ్మే. పొడే పోవడం లేదు" అంది.

ఆ రోజు నుంచి బావ మంచం మీద దుప్పటి మల్లెపువ్వే. మా ఆయన తన చొక్కా కేసి, అన్న దుప్పటి కేసి చూసుకుని ఒక నిట్టూర్పు విడిచేవాడు. ఆ నిట్టూర్పు నా కడుపులో పడి మండేది. పొద్దస్తమానం కిటికీలో కూర్చుని ఆ రేకు మూత లేవడం, పడటం చూస్తూ ఉండేదాన్ని. చలికాలం పొద్దున్నే అందులోంచి సబ్బు వాసనతో వెచ్చటి గాలి వచ్చేది. చలి కాచుకుంటూ కూడా కుళ్ళుకోవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

కుళ్ళు ఊరికే ఉండనివ్వదు కదా. తిరునాళ్ళలో కొన్న పిల్లల బూర ఒకటి తెచ్చి ఆ గొట్టం మూతికి కట్టాను. అక్క మిషను వేయగానే సందంతా "పీఁ" అని మోగింది. ఎదురింటి వాళ్ళు బయటికొచ్చారు. అక్క తాపీగా వచ్చి బూర ఊడదీసి నా చేతిలో పెట్టింది.

"దీని నోరు మూయబాకమ్మే. నీ నోరు నేనెప్పుడన్నా మూసినానా?"

తిట్టి ఉంటే సరిపోయేది. తిడితే ఇద్దరం సమానం అయ్యేవాళ్ళం. ఆమె ఆ అవకాశం ఇచ్చేది కాదు.

ఆ మిషనులో ఒక చిన్న జల్లెడ ఉంటుంది. బట్టల నుంచి రాలే నూగంతా దాంట్లో పడుతుంది. ప్రతి వాయికీ అక్క ఆ జల్లెడ తీసి నూగు ఊడ్చేది. ఆమె పారేసిన ఆ నూగు నేను దాచి, ముద్ద చేసి, పురికొస తోక గుచ్చి, ఎలుకలాగా ఆమె గడప మీద పెట్టాను. చూసింది. "తోక బాగా కుదిరింది. మీసాలు మర్సిపోయినావు" అంది. తర్వాత ఆ ఎలుకను బట్టలుతికే బండ మీద పెట్టి, నన్ను దూరంగా నిలబెట్టి, అగ్గిపుల్ల గీసి అంటించింది. భగ్గుమని లేచింది మంట. నా ఎలుక కాస్తా కనురెప్ప కొట్టేలోపు నల్ల మరక అయిపోయింది.

"సూసినావా? జల్లెడ తప్పిచ్చుకున్న నూగు గొట్టంలో పేరుకుంటాది. ఆడ ఇట్ల అంటుకుంటే, పక్కనే మీ బావ పండుకోని ఉంటాడు" అంది.

ఆ తర్వాత నేను ఎలుకలు చేయలేదు. భయంతో కాదు. అంత కష్టపడి చేసిన ఎలుకతో ఆమె నాకే పాఠం చెప్పిందన్న ఉక్రోషంతో.

అమావాస్య నాడు షెడ్లకు సెలవు. గుమ్మడికాయ కొట్టి మిషన్లు ఆపేస్తారు. ఆ రోజు గాలి కాస్త తేటగా ఉంటుంది. వీధిలో అందరూ దేవుడి పటాలు తుడుచుకుంటుంటే మా అక్క గొట్టం విప్పేది. ముందు స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, అది తన కళ్ళకు కనపడేట్టు మిషను మీద పెట్టుకునేది. మిషను చల్లారేదాకా చేయి వేసేది కాదు. తర్వాత ముక్కుకు కొంగు చుట్టుకుని, గొట్టం ఊడదీసి, చాప మీద పడుకోబెట్టి, తమ్ముడు ఇచ్చిన పొడుగు కడ్డీ బ్రష్‌తో చంటిపిల్లకు నలుగు పెట్టినట్టు లోపలంతా తోమేది. గోడ బెజ్జం కూడా ఈ కొస నుంచి ఆ కొస దాకా. ఆ పైన సందులోకి వచ్చి రేకు మూతను వేలితో లేపి వదిలి, టప్పుమని పడిందో లేదో చూసేది. మొదట వచ్చిన ప్లాస్టిక్ గొట్టం మడతల్లో నూగు కూర్చుంటోందని, దాన్ని తీసేయించి నున్నటి రేకు గొట్టం వేయించింది. అది నలగకుండా మిషనుకూ గోడకూ మధ్య కాస్త జాగా వదిలేది. నూనె మరకలున్న గుడ్డలు ఆ మిషను దరిదాపులకు రానిచ్చేది కాదు. అది తిరుగుతున్నంతసేపూ వాకిలి దాటేది కాదు.

"సినిమాకు పోదాం రా అక్కా."

"మిషను తిరుగుతాంది."

"దానిక్కూడా ఒక టికెట్ తీద్దాంలే."

నవ్వేది. కదిలేది కాదు.

నేను అడిగితే అక్క ఇవ్వనిది లేదు. పెళ్ళికి పోతుంటే పట్టుచీర ఇచ్చింది, చెవుల కమ్మలు ఇచ్చింది, కొత్తావకాయ జాడీకి జాడీనే ఇచ్చింది. ఆ బ్రష్ మాత్రం ఇవ్వలేదు. "ఒక్క అమావాస్యకు నేను తోముతానక్కా" అని ఎన్నిసార్లు అడిగానో. "నీకు నవ్వులాట జాస్తి. దీని కాడ నవ్వులాట వద్దు" అనేది. పట్టుచీరకు పనికొచ్చిన నేను ఒక కుచ్చుల బ్రష్‌కు పనికి రాలేదు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

నిరుడు ఎండాకాలం ఒక మధ్యాహ్నం. షెడ్ల వైపు నుంచి గాలి లేచి సందంతా పొడి పట్టింది. అక్క మిషను వేసి పెరట్లో చింతపండు గింజలు తీస్తోంది. బావ పక్క గదిలో మంచం మీద. నేను అలవాటు ప్రకారం కిటికీలో కూర్చుని పూలు కడుతున్నాను. మిషను మోత వినపడుతోంది కానీ నా మొహానికి వేడిగాలి తగలడం లేదు. తొంగి చూస్తే రేకు మూత లేవడం లేదు. దాని మీద ఏదో గుడ్డ. ఇస్త్రీపెట్టె బట్ట మీద మర్చిపోయినప్పటి వాసన మెల్లగా మొదలైంది.

"అక్కో! మిషను కాడ మాడు వాసన వస్తాంది! బిన్నే రా!"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అంతకుముందు ఇదే గొంతుతో పొగో పొగో అని అరిచి, ఆమెను పరిగెత్తించి, పడీపడీ నవ్విన చరిత్ర నాది. అయినా చేతుల నిండా చింతపండుతోనే పరిగెత్తుకొచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుని స్విచ్ ఆపింది, ప్లగ్గు పీకింది, బావ చంకలో చేయి వేసి బయటికి నడిపించింది. నేను మిషను తలుపు తీయబోతే నా రెక్క పట్టుకుని లాగింది. "తీయబాక! గాలి తగిల్తే లోపల రాజుకుంటాది. సల్లారనీ."

చల్లారాక సందులోకి వచ్చి చూశాం. గొట్టం మూతికి మడత పెట్టి బిగించి కట్టిన పాత తువ్వాలు. విప్పితే దాని వెనక నూగు దిండులాగా కుక్కుకుని ఉంది.

అక్క నా వైపు చూసింది. చూడదా మరి. జీవితంలో మొదటిసారి నేను ఏ పాపమూ ఎరగను, మొహం మాత్రం దొంగ మొహమే.

"నేనే కట్టినా" అన్నాడు బావ గోడకు ఆనుకుని దగ్గుతూ. "పొడి లోపలికి పోతాంది గదా అని. కోత మిషను కాడ మేమంతా ముక్కుకు కట్టుకుంటిమి గదా."

అక్క ఆయన పక్కన అరుగు మీద కూర్చుంది. "నువ్వు పీల్చేవాడివి, కట్టుకుంటివి. ఇది పీల్చదయ్యా, వదుల్తాది. ఊపిరి వదిలేదాని మూతి కడితే ఏమైతాది?" అని కొంగుతో ఆయన మొహం తుడిచింది. అంతే. మా ఆయన అట్లాంటి పని చేసి ఉంటే నా గొంతు తర్లుపాడు దాకా వినపడేది. ఆ తుడవడం చూసి కూడా నాకు కుళ్ళే.

తర్వాత ఉండబట్టలేక అడిగాను. "ఈసారి కూడా ఆటపట్టిస్తాండానని అనుకోలేదా అక్కా?"

"అనుకున్యా" అంది. "నీది అబద్ధమైతే నాకు ఒక నడక దండగ. నిజమైతే ఇల్లు. అందుకే వస్తా." మళ్ళీ తనే, "ఇంట్లో ఉన్న నాకే తెలీలేదు, నీకెట్ల తెలిసినాదమ్మే?" అంది.

నీ మూత లేవడం పడటం కుళ్ళుకుంటూ చూడటమే నా పని అని ఎట్లా చెప్పను. "ముక్కుండాది గదా" అన్నాను.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక అక్క తమ్ముడు కదిపాడు. "బావా, మిషను తీసకపోతా. అక్క లేకుండా అది ఇంట్లో ఉంటే నిప్పును పక్కన పెట్టుకున్నట్టే. ఎవరు విప్పుతారు, ఎవరు తోముతారు?" అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పేం లేదు. అందరూ తలలు ఊపారు. మా ఆయన కూడా ఊపాడు. బావ మాత్రం తల ఊపలేదు. మంచం మీద కూర్చుని, కప్పుకున్న దుప్పటి అంచును వేళ్ళతో సవరిస్తున్నాడు. అక్క చేత్తో ఆరబెట్టి మడత పెట్టిన ఆఖరు దుప్పటి అది. మిషను పోతే మరుసటి దుప్పటి దండెం మీద నుంచి రావాలి.

"తీసకపోయేదానికి లేదు" అన్నాను. "ఆస్పత్రిలో అక్క నా చెయ్యి పట్టుకోని చెప్పింది. 'గొట్టం నువ్వు సూసుకోమ్మే. దాని సంగతి నీకు తెలిసినంత ఎవరికీ తెలీదు' అనింది. అదే ఆమె ఆఖరు మాట."

అక్క తమ్ముడు నన్ను ఎగాదిగా చూశాడు.

"సరే అక్కా. విప్పే ముందర ఏం జేస్తావు?"

"స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, కళ్ళకు కనపడేట్టు పెడతా. సల్లారేదాకా కూసుంటా. అప్పుడు ముక్కుకు కొంగు."

"మూతికి గుడ్డ?"

"గుడ్డ కట్టినోణ్ణి అదే గుడ్డతో మంచానికి కట్టేస్తా."

కర్మ ఇంట్లో నవ్వు లేచింది. బావ కూడా నవ్వి, దగ్గి, మెల్లగా మంచం దిగాడు. గోడ పట్టుకుని మిషను దాకా నడిచి, దాని వెనక నుంచి పొడుగు కడ్డీ బ్రష్ తీసుకొచ్చి నా చేతిలో పెట్టాడు.

అమావాస్య వచ్చింది, నేను తోమాను. జల్లెడ ప్రతి వాయికీ ఊడుస్తున్నాను. దుప్పటి ఆమె చేతిలో వచ్చినంత తెల్లగా రావడం లేదు. ఏం చేసేదో చెప్పకుండా పోయింది, గడుసు మనిషి. నా దరఖాస్తు ఇంకా నిలిచే ఉంది. బావ దగ్గు మాత్రం ఎక్కువ కాలేదు.

ఇంతదాకా ఓపిగ్గా చదివారు కాబట్టి నిజం చెబుతున్నాను. అక్క నాతో ఏమీ చెప్పలేదు. నేను ఆస్పత్రికి చేరేసరికే ఆమెకు మాట పడిపోయింది. మొదట్లో మీకు గొప్పగా చెప్పుకున్న ఆ ఆఖరు మాట, పెద్దకర్మ రోజు అందరి ముందూ చెప్పిన ఆ మాట, అప్పటికప్పుడు నా నోట్లో పుట్టిందే. చుట్టాలకు తెలియదు. బావకు తెలుసు. ఆయన దగ్గుతూనే ఆస్పత్రికి వచ్చి, ఆమె మంచం పక్క నుంచి కదల్లేదు. ఆమె చెయ్యి పట్టుకుని ఉన్నది ఆయనే. అయినా లేచి వెళ్ళి బ్రష్ తెచ్చాడు. నాది అబద్ధమే అయినా దండగయ్యేది ఒక నడకే అనుకున్నాడేమో.

వాళ్ళ గదిలో కూర్చునే ఇది రాస్తున్నాను. పక్కన బావ నిద్రపోతున్నాడు. ఈ కిటికీలోంచి చూస్తే సందులో రేకు మూత లేచి, చిన్నగా వణుకుతూ, మా ఇంటి కిటికీ వైపు వెచ్చటి గాలి వదులుతోంది. అక్కడ ఇప్పుడు ఎవరూ కూర్చుని లేరు. మా ఆయన సినిమాకు పిలుస్తున్నాడు. మిషను తిరుగుతోందని చెప్పాను.