నేను చూపించని గుంత

ఆ అమ్మాయి వచ్చేదాకా మా జట్టులో ముందుండే సైకిలు నాదే. పెనుబల్లి మండలాఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌గా పనిచేస్తూ, రెండేళ్లపాటు డ్యూటీకి ముందు పొద్దున్నే ముప్పై కిలోమీటర్లు తొక్కి సంపాదించుకున్న చోటు అది. రాష్ట్ర పోటీల ముందు ఇరవై రోజులు సెలవు పెట్టి భద్రాచలం వెళ్లాను. అక్కడొక హాస్టల్లో మా నలుగురు ఆడపిల్లలకీ బస. ఖమ్మంలో సైకిల్ దుకాణం నడిపే ఒక పెద్దాయన మాకు శిక్షణ ఇచ్చేవాడు. ఒకప్పుడు రేసులు గెలిచిన మనిషి. అందరం చాచా అని పిలిచేవాళ్లం.

నలుగురిలో ఒకమ్మాయి కొత్తది. చర్ల అవతల అడవి ఊళ్లలో టీకాలు వేసే నర్సు. బస్సు పోని ఊళ్లకు మందుల పెట్టె క్యారేజీకి కట్టుకొని సైకిలు మీదే తిరిగేదట. నాకంటే నాలుగేళ్లు చిన్నది. మొదటి రోజు సారపాక దాటాక, ఒక ఎత్తు మీద నేను పళ్లు బిగించి తొక్కుతుంటే నా పక్కనుంచి వెళ్లిపోయింది. నోరు తెరవకుండా, ముక్కుతోనే ఊపిరి పీలుస్తోంది. నాకు అన్నిటికంటే అదే ఎక్కువ మండింది.

చాచా గడియారం చూసి, "ఎత్తుల మీద ఇగ ఈ పిల్ల ముంగటుంటది. నువ్వు చదును మీద లాగు" అన్నాడు.

"రెండేండ్ల సంది అంతటా నేనే లాగుతున్న గదా చాచా?"

"అవ్ బేటా. నువ్వు చదును మీద గాలికి అడ్డముండి లాగితేనే గదా, ఎనకున్న ఈమెకు ఎక్కే దమ్ము మిగిలేది."

మర్నాడు జట్టుకున్న ఒకే ఒక్క తేలిక సైకిలు ఆమెకిచ్చాడు. నా కాళ్లకు సరిపోయేలా పెట్టుకున్న సీటును ఆయన రెంచీతో దించుతుంటే నేను అటు చూడలేకపోయాను. ఇక ఆమె ఏం చేసినా నాకు తప్పే. రెండోసారి అన్నం పెట్టించుకున్నా తప్పే. ఇంటికి ఫోన్ చేసి కోయలో మాట్లాడుతూ నవ్వితే, నా గురించే అనుకునేదాన్ని. ఆ భాషలో నాకు ఒక్క ముక్క రాదు.

నలుగురం జానెడు దూరంలో ఒకరి వెనక ఒకరం తొక్కుతాం. వెనకవాళ్లకు ముందు చక్రం తప్ప రోడ్డు కనబడదు. గుంతో, రాయో వస్తే ముందున్న మనిషి చేయి కిందికి చాపి చూపించాలి. తొమ్మిదో రోజు పొద్దున దిగుడులో నేను ముందున్నాను. నా వెనకే ఆమె. లారీలు తవ్విన గుంత ఒకటి దూరం నుంచే నాకు కనిపించింది. నా చేయి హ్యాండిల్ మీంచి లేచింది. మళ్లీ హ్యాండిల్‌నే పట్టుకుంది. నేను కొంచెం పక్కకు జరిగి దాటిపోయాను. వెనక ఇనుము రోడ్డుకు రాసుకున్న చప్పుడు వినిపించింది.

ఆమె రోడ్డు మీద కూర్చుని ఉంది. మోచేతి నుంచి మణికట్టు దాకా తోలు లేచిపోయింది. స్కూటరు మీద వెనకే వస్తున్న చాచా దిగి, "గుంత చూపియ్యలేదా?" అని నన్నడిగాడు. నేను నోరు తెరిచేలోపే ఆమె అంది: "ఎండ ఎదురున్నది చాచా. అక్కకు కనవడలే."

ఎండ మా వీపుల మీద ఉంది. చాచా ఒకసారి పైకి చూసి, పడిన సైకిలు లేపి నిలబెట్టాడు. నాకు సిగ్గు వేయాల్సింది. వేసింది కూడా. కానీ దానికంటే ముందు, మంచితనంలోనూ ఇది నన్ను దాటిపోయిందే అన్న ఉక్రోషం వచ్చింది.

ఆమెకు రెండు రోజులు విశ్రాంతి ఇచ్చి, తేలిక సైకిలు నాకిచ్చాడు చాచా. అబద్ధమెందుకు, మొదటి రోజు సంతోషంగానే తొక్కాను. రెండో రోజు సాయంత్రం ఆమె ఒంటి చేత్తో కట్టు కట్టుకోలేక తంటాలు పడుతోంది. నేను వెళ్లి కట్టాను. ముడి వేస్తూ చెప్పేశాను.

"గుంత నాకు కనవడ్డది. కావాల్ననే చూపియ్యలే."

"ఎర్కే అక్కా. నీ చెయ్యి సగం లేశి ఆగుడు చూశిన."

"మరి చాచాకు ఎందుకు చెప్పలే?"

"చెప్తే నిన్ను ఇంటికి తోలుతడు. నీ జాగల తొక్కనీకి అయిదో మనిషి లేదు. నాకు రేసు కావాలె." కట్టు ముడి తడుముకుంటూ, "కని నీ ఎనక తొక్కాల్నంటే ఇగ బయమైతది" అంది.

ఆ మాటకు ఆ రాత్రి అన్నం సహించలేదు. తెల్లారి చాచాకు నేనే చెప్పాను. "ఎండ యాడున్నదో నాకు ఎర్క లేదా?" అన్నాడాయన. ఇంకేమీ తిట్టలేదు. తేలిక సైకిలు ఆమెకు తిరిగిచ్చి, రేసు దాకా నన్ను ఆమె వెనకే తొక్కమన్నాడు. ఆమె గులకరాయి వచ్చినా చేయి చూపించేది. అలా చూపించిన ప్రతిసారీ నాకు చచ్చేంత సిగ్గేసేది.

రేసులో మూడో స్థానం వచ్చింది మాకు. చదును మీద నేను ప్రాణం పెట్టి లాగాను, ఎత్తుల మీద ఆమె లాగింది. మేమింకా హాస్టల్ ఖాళీ చేయకముందే రాష్ట్ర జట్టు శిక్షణ శిబిరానికి ఆమెను ఒక్కదాన్నే పిలిచారు. బస్సెక్కించడానికి వెళ్లి, సంచీ అందించి, చేయి ఊపి వచ్చాను. హాస్టల్ గదికి చేరి తలుపేసుకుని ఏడ్చాను.

ఆమె నాకు ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. అసూయ తగ్గింది కానీ పోలేదు. ఆమె ఎక్కడో గెలిచిందని తెలిస్తే, మనసారా బాగుందని చెప్పడానికి నాకు ఇంకా ఒక పూట పడుతుంది.