సమ్మయ్య బదులు కాంటా మీద కూర్చున్నది నేనే

మా చిన్నప్పుడు... మిర్చి సీజన్ వచ్చిందంటే చాలు, నేనూ నా దోస్తు సమ్మయ్యా మా బాపు వెంట నెక్కొండలో రైలెక్కి ఎనుమాముల మార్కెట్‌కు పోయేవాళ్లం. బాపు అక్కడ దడువాయి... అంటే బస్తాలు తూచే మనిషి. యార్డంతా ఒకటే ఘాటు. తుమ్మి తుమ్మి ముక్కులు ఎర్రబడేవి. అయినా మానేవాళ్లం కాదు. ఎందుకంటే బాపు సద్ది తినేటప్పుడు కాంటా ఖాళీగా దొరికేది...

ముందు వాడు ఎక్కేవాడు, తర్వాత నేను. ప్రతిసారీ ఒక్కటే తూకం!

"ఇద్దర్ని ఒక్క అచ్చుల వోసిండ్లురా" అని బాపు నవ్వేవాడు. మేమిద్దరం ఒకే మేడారం జాతర ఏడు పుట్టాం మరి. సమ్మక్క పేరు వాడికి, సారలమ్మ పేరు నాకు... సమ్మయ్య, సారయ్య.

పెద్దయ్యాక వాడు మిలిటరీ సెలక్షన్లకు పోయాడు. పోయే ముందు, ఉద్యోగమొస్తే మేడారంలో ఎత్తు బంగారం ఇస్తానని మొక్కుకున్నాడు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా... అక్కడ బంగారమంటే బెల్లం. మనిషిని కాంటా మీద కూర్చోబెట్టి, అంత తూకం బెల్లం అమ్మల గద్దెల దగ్గర సమర్పిస్తారు.

ఉద్యోగం వచ్చింది. జాతరకు సెలవు మాత్రం రాలేదు. ఉత్తరం రాశాడు... "సారిగా, నా బదులు నువ్వు కూసో. మన తూకం ఒక్కటే గదా. ఈడ రొట్టెలు తిని నేను జర లావైన. నువ్వు గూడ మంచిగ తిను."

ఆ చలికాలమే నాకు కామెర్లు వచ్చాయని వాడికి తెలియదు. నేను రాయలేదు. పథ్యంతో సగమైపోయాను... చొక్కా వేసుకుంటే హ్యాంగర్‌కు తగిలించినట్టు ఉండేది.

వాళ్లమ్మ లచ్చమ్మ పెద్దమ్మతో కలిసి మేడారం పోయాను. కాంటా ఎక్కగానే నాకు తెలిసిపోయింది, తూకం తక్కువని. దడువాయి కొడుకును కదా! ఇంకో రెండు బెల్లం ముద్దలు పెట్టమని అడగొచ్చు... కానీ జబ్బుతో చిక్కిపోయానని అంతమందిలో చెప్పుకోవడానికి నామోషీ. పైగా బెల్లం అమ్మే ఆయన "జల్ది దిగు తమ్మీ, ఎనుక మందున్నరు" అని ఒకటే తొందర.

దిగాను.

"సరిపోయిందా కొడుకా?" అని అడిగింది పెద్దమ్మ.

"సరిపోయింది పెద్దమ్మా" అన్నాను.

ఇద్దరం చెరి సగం నెత్తికెత్తుకుని గద్దెల దాకా మోసుకుపోయాం. ఆ తొక్కిసలాటలో పెద్దమ్మ కళ్లు మూసుకుని అమ్మలకు ఏదో చెప్పుకుంది. నాకు వినబడలేదు. తక్కువ పడింది వచ్చే జాతరకు వాడితోనే ఇప్పిద్దాంలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

మళ్లీ జాతర రాకముందే యుద్ధం వచ్చింది... మంచుకొండల్లో. ఆ ఎండాకాలం సమ్మయ్య జెండా కప్పిన పెట్టెలో ఊరికొచ్చాడు. పెట్టెకు నేనూ భుజం పట్టాను. ఊరంతా ఏడుస్తుంటే నా తలలో ఒకటే మాట తిరుగుతోంది... ఎన్ని కిలోలు తక్కువిచ్చాను? అందుకేనా?

ఊళ్లో బస్సు ఆగేచోట వాడి విగ్రహం పెట్టారు. ఏటా వాడు పోయిన రోజున దండలు, పిల్లల నినాదాలు, రెండు నిమిషాల మౌనం... ఆ రెండు నిమిషాలూ నేను ఆ తూకమే లెక్కేసుకునేవాణ్ని. అయిపోగానే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఏటా ఒకటే మాట అనేది... "నువ్వన్న సల్లగున్నవు కొడుకా, గదే సాలు."

ఆ 'నువ్వన్న'... అంటే నువ్వైనా... అన్న మాట నా గుండెలో గుచ్చుకునేది. ఈమెకు తెలిసిపోయిందా?

బాపు తర్వాత నేనూ దడువాయినే అయ్యాను. రోజూ ఎన్నో బస్తాలు తూస్తాను. ఎవరికీ గుప్పెడు మిర్చి తేడా రానివ్వను. ఆ ఒక్క తూకం మాత్రం నన్ను వదల్లేదు.

ఈసారి పెద్దమ్మ నా భుజం ఆసరాతో విగ్రహం దాకా వచ్చింది. మెట్టు మీద కూర్చుని "వచ్చేయేడు నేనుంటనో లేనో" అంది. ఇక ఆగలేకపోయాను. కామెర్లు, కాంటా, అబద్ధం... అన్నీ చెప్పేశాను.

"నాకు ఎర్కేరా" అంది పెద్దమ్మ. "సంకనెత్తుకొని సాదినదాన్ని... నా కొడుకు తూకం నాకు తెల్వదా? నువ్వు పుల్లలెక్కయినవు. గద్దె కాడ నీ పేరే జెప్పిన. ఇది ఈ పిలగాని తూకం, ఈని పానం కాపాడుండ్రి తల్లీ అన్న. నా కొడుకుది ఆడొచ్చినంక ఆడే ఇచ్చుకుంటడనుకున్న..."

కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "ఆని పేరు గూడ ఒక్కపారి అననైతినే అని ఇన్నేండ్ల సంది నాకు గిదే ఫికర్ సారిగా..."

ఇన్నేళ్లూ ఆ విగ్రహం ముందు ఇద్దరం పక్కపక్కనే నిలబడి, ఎవరి భయం వాళ్లం దాచుకున్నాం. ఆమె కంట్లో దొంగను కాకూడదని నేను, నా కంట్లో దోషి కాకూడదని ఆమె. ఆమెను పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

ఇప్పుడన్నీ కరెంటు కాంటాలు. ఎక్కగానే ఎర్ర అంకెలు. ఏ పిల్లలూ దోస్తుతో కలిసి కాంటా ఎక్కడానికి మార్కెట్‌కు రావడం లేదు. మీ దోస్తు అప్పజెప్పి పోయిన పని ఏదైనా మీ దగ్గర మిగిలిపోయి ఉంటే ఇక్కడ రాయండి... లోపల పెట్టుకోకండి, చాలా బరువు.

వచ్చే జాతరకు పెద్దమ్మను తీసుకుపోతాను. వాడి బదులు మళ్లీ నేనే కూర్చుంటాను. పొట్ట పెరిగిందని మా ఆవిడ రోజూ దెప్పుతుంది... పెరగనీ. వాడుంటే వాడికీ ఈపాటికి ఇంతే పొట్ట ఉండేది. మాది ఎప్పుడూ ఒక్కటే తూకం.