మల్లమ్మ అడిగిన గోడ

హైదరాబాద్ శివార్లలో రాయదుర్గం దాటాక ఎడమచేతి వైపు మట్టిదారిలో రెండు మైళ్లు పోతే మా పంచాయతీ ఆఫీసు. మా అని అలవాటుగా అంటున్నాను గానీ, నాది తణుకు దగ్గర పల్లె. తొంభై అయిదులో కార్యదర్శిగా అక్కడ పడ్డాను. చందానగర్‌లో అద్దెకుండి, రోజూ స్కూటర్ మీద ద్రాక్షతోటల పక్కనుంచి వెళ్లేవాణ్ని. ఇప్పుడా తోటలూ లేవు, ఆ పంచాయతీ కూడా లేదు. తలుచుకుంటే మాత్రం మొదట గుర్తొచ్చేది ఆ రాళ్లగుట్ట, దాని వెనకే మల్లమ్మ.

గుట్ట కింది వాడకు ఆవిడ వార్డు మెంబరు. ఆడవాళ్లకు కేటాయించిన సీట్లు ఇంకా రెండున్నాయి గానీ, ఆ రెండింటికీ మొగుళ్లే వచ్చి కుర్చీల్లో కూర్చునేవాళ్లు. సంతకాలకు పుస్తకం వాళ్లిళ్లకు పంపేవాణ్ని. మల్లమ్మ ఒక్కతే కూలి మానుకుని తనే వచ్చేది. కుర్చీ ఖాళీగా ఉన్నా గడప పక్కన కిందే కూర్చునేది. కుర్చీలో కూర్చుంటే నడుము పట్టేస్తుందనేది. నేను నమ్మలేదు, అలాగని బలవంతపెట్టనూ లేదు. సీజన్‌లో గుట్టమీది సీతాఫలాలు కొంగున కట్టుకొచ్చి, ఇంట్లో అమ్మగారికివ్వమనేది. సగం దారిలోనే నేను రెండు తినేసేవాణ్ని.

ఏటా గ్రామసభలో ఏ పని ముందో, ఏది వెనకో వరసగా రాయాలి. మొదటి రెండు పనులే జరిగేవి. మూడోదైందంటే పుస్తకంలోనే నిద్రపోయేది. మెంబర్ల పోట్లాటంతా ఆ వరస కోసమే.

తొంభై ఆరు సభలో మల్లమ్మ ఒక గోడ అడిగింది. ఎక్కడంటే గుట్ట పక్కన అంది. ఎంత ఎత్తంటే మనిషి కనబడనంత అంది. ఎందుకంటే మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేలచూపులు చూసింది. సభంతా నవ్వింది. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. గుట్ట పక్కన గోడేమిటిలే అనుకుని, ఖర్చు తక్కువ కదాని రెండో వరసలో ఉత్త ప్రహరీ గోడ అని రాసి ఊరుకున్నాను. మరుసటేడు అది మంజూరైంది. నేను రాసినదాంట్లో ఎక్కడ కట్టాలో లేదు కాబట్టి, సర్పంచి ఆంజనేయులు దాన్ని బడి చుట్టూ కట్టించాడు. మల్లమ్మ వచ్చి గోడను చేత్తో తడిమి చూసి, మంచిగ కట్టిన్రని చెప్పి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి మా ఆవిడ పద్మావతికి ఇదంతా చెప్పి మళ్లీ నవ్వబోయాను. ఆవిడ వంకాయలు తరగడం ఆపింది.

"ఆ గుట్టలు పేల్చేస్తున్నారన్నారుగా? మరి ఆ ఆడవాళ్లు చాటుకి ఎక్కడికెళ్తారండీ?"

రెండేళ్లుగా ఆ పేలుళ్లు రోజూ వింటూనే ఉన్నాను. హైటెక్ సిటీ వైపు రోడ్లకీ మేడలకీ రాయి కావాలి. ఒక్కో బండ పగిలినకొద్దీ వాడలో ఆడవాళ్లు ఇంకాస్త దూరం, తెల్లారకముందో చీకటి పడ్డాకో, నడుస్తున్నారన్నమాట. ఆ బండలు కొట్టేది మళ్లీ వాళ్ల మగవాళ్లే. మరుగుదొడ్డి అన్న మాట అంతమంది మగాళ్ల మధ్య నోటితో అనలేక ఆ మనిషి గోడ అడిగింది. నేను దాన్ని బడికి పంపించాను. నా తెలివికి నాకే సిగ్గేసింది. ఇప్పటికీ వేస్తుంది.

మర్నాడు మల్లమ్మతో, ఈసారి ఆడవాళ్లకు మరుగుదొడ్లని నేనే రాసేస్తాను, నువ్వు వేలిముద్ర వెయ్యి చాలన్నాను. ఆవిడ వద్దంది. రాసింది సభలో చదవక తప్పదు. ఎవరడిగారని అందరూ అన్నప్పుడు తను తల దించుకుంటే, అది మళ్లీ వెనక్కే పోతుందట. ఎప్పటికైనా తనే అడగాలంది. సభ సంగతి నాకంటే ఆమెకే బాగా తెలుసు.

తొంభై ఎనిమిది సభ నాటికి సర్పంచి నోట ఒకటే మాట, వీధిదీపాలు. సైబర్ టవర్స్ లేస్తోంది, పెద్ద పెద్ద కార్లు మన దారినే పోతాయి, ఊరు వెలిగిపోవాలి అన్నాడు. గుట్ట పొడుగునా ఇరవై స్తంభాలు. ఆంజనేయులు చెడ్డవాడేం కాదు. ఊరికి పేరు రావాలని ఆయన ముచ్చట. చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. నేను పెన్ను తీశాను.

మల్లమ్మ గడప దగ్గర లేచి నిలబడింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకోలేదు.

"పటేలా, మా ఆడోళ్లకు దొడ్డికి పోనీకి గుట్టే సాటుండె. గుట్ట పాయె. ఇగ చీకటొక్కటే మిగిలింది. దాన్ని గూడ గుంజుకుంటవా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. వెనక నిలబడ్డ ఆమె భర్త యాదయ్య, బండలు కొట్టే మనిషి, తన చేతుల వైపు చూసుకున్నాడు. ఆంజనేయులు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఎవరి వైపూ చూడకుండా, "ముందుగాల ఆమెది రాయి సారూ" అన్నాడు. దీపాలు రెండో వరసలోకి దిగాయి.

ఎనిమిది నెలలకు గుట్ట పక్కన ఆరు గదులు లేచాయి. రిబ్బన్ కత్తిరించడానికి మగవాళ్లెవరికీ మొహం చెల్లలేదు, అందుకని ప్రారంభోత్సవమే జరగలేదు.

ఆ వారంలోనే ఒక మిట్టమధ్యాహ్నం మల్లమ్మ వేలిముద్ర వెయ్యడానికి ఆఫీసుకొచ్చింది. ఎండలో నడిచి వచ్చిందని కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చాను. గటగటా తాగేసి, ఇంకో గ్లాసు అడిగి అదీ తాగింది. ఇవాళ ఇంత దాహమేమిటన్నాను.

"దూప రోజూ ఉంటుండె సారూ. తాగితె పోవాలె గద, పగటిపూట యాడికి పోతం? పొద్దుగూకెదాంక తాగకపోతుంటిమి."