ఎదురు సమ్మెట

ఒక మనిషికి చేరవలసిన మాటను నేను చేర్చలేదు. నన్ను మధ్యలో నిలబెట్టిందే ఆ మాట చేర్చడానికి. ఇరవై ఏళ్లకు పైగా ఈ బరువు మోస్తున్నాను. మా ఆవిడకు కూడా తెలియదు. మీకు చెబుతున్నాను, పేరు మాత్రం అడగకండి. రాస్తూ రాస్తూ కలం ఆపేస్తున్నాను. భయమనుకున్నాను. కాదు. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది, అంత గొప్ప రోజు అది. దాన్ని పాడుచేసింది నేనే.

అప్పుడు నాకు ముప్పై ఒకటి. విజయనగరం నుంచి వచ్చి మారేడ్‌పల్లిలో అద్దెకుండేవాణ్ని. మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న రోజులు. మా సాఫ్ట్‌వేర్ కంపెనీకి జపాన్ పని వస్తుందని తెలిసి రెండేళ్లు సాయంత్రం క్లాసులకు పోయి ఆ భాష నేర్చుకున్నాను. ఎందుకో దాచను. జపాన్ వెళ్లాలి. ఆన్‌సైట్ జాబితాలో నా పేరు నాలుగుసార్లు ఎక్కింది, నాలుగుసార్లు పడిపోయింది.

అలాంటప్పుడు మా జపాన్ క్లయింటు మేనేజరు తన అన్నగారిని వెంటబెట్టుకొచ్చారు. ఆయన కత్తులు చేసే మనిషి. ఇసుకలోని ఇనుమును బొగ్గుతో కరిగించి తీసిన ఉక్కును కాల్చి, సాగగొట్టి, మడిచి, మళ్లీ సాగగొట్టి, వాళ్ల తాతలు చేసినట్టే ఈ కాలంలోనూ చేస్తారు. అందరూ సెన్సే అనేవాళ్లు, అంటే గురువుగారు. అరవై దాటిన బక్కపలచటి మనిషి. చార్మినార్ తర్వాత చూస్తాను, ముందు ఒక కమ్మరి కొలిమి చూపించండని బయల్దేరకముందే కబురు పెట్టారు. ఈ నేల ఉక్కు ఒకప్పుడు దేశదేశాలకు వెళ్లిందని చదువుకున్నారట.

నాకు తెలిసిన కమ్మరి ఒక్కడే. రాంగోపాల్‌పేట్‌లో ఇనుప దుకాణాల వెనక, రేకుల షెడ్డులో యాదగిరి. మా ఇంటి గేటు కడ్డీలు అతనే చేశాడు. నాకంటే పదేళ్లు పెద్ద. దుబాసీని నేనే కాబట్టి, వారం ముందు నుంచి కొలిమి మాటలన్నీ జపాన్ భాషలో బట్టీ పట్టాను. పట్టకారు, ఇనుము పెట్టి కొట్టే దాగలి, గడ్డి బూడిద. చిన్న పుస్తకంలో రాసుకుని జేబులో పెట్టుకున్నాను.

"ఏం సారూ, మీ ఆంధ్రా మాటే సగం సమజ్ గాదు నాకు," అని నవ్వాడు యాదగిరి. "ఇగ జపాను మాట నువ్వు చెప్తే ఏం సమజైతది?"

సెన్సే తన దేశపు ఉక్కు ముక్క ఒకటి గుడ్డలో చుట్టి తెచ్చారు. అది కొలిమిలో పడింది. ఎర్రబడింది. మిట్టమధ్యాహ్నం, షెడ్డు నిండా వెలుతురు. ఆ వెలుతురులో ఉక్కు ఎంత కాగిందో చెప్పే రంగు సరిగ్గా తెలియదు కదా, సెన్సే కిటికీ వైపు చూశారు. నేను నోరు తెరిచేలోపే యాదగిరి గోనెసంచి తీసి కిటికీకి వేలాడదీశాడు. చీకటి. ఆ చీకట్లో ఉక్కు ఒక్కటే వెలుగుతోంది. సెన్సే వేళ్లు నలిపి చూపించారు. నా పుస్తకంలో ఆ మాట ఉంది, కాలే ఉక్కుకు పూసే గడ్డి బూడిద! వెతికేలోపే యాదగిరి పక్క గాజుసామాన్ల దుకాణం ప్యాకింగ్ గడ్డి తెచ్చి కాల్చేశాడు.

తర్వాత మొదలైంది. సెన్సే చేతిలో చిన్న సుత్తి, యాదగిరి చేతిలో సమ్మెట. చిన్న సుత్తి ఎక్కడ తాకితే సమ్మెట అక్కడే పడుతోంది. టక్. ఢాం. టక్. ఢాం. దాగలి అంచు మీద సుత్తి రెండుసార్లు గణగణమంటే ఆపమని. అది యాదగిరికి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. వాళ్ల నాన్న దగ్గరా అంతేనట. రవ్వలు నా చొక్కా మీద పడి బొట్లు బొట్లుగా కాలుతున్నాయి, నేను కదలలేదు. మడత పడింది, అతుక్కుంది, సాగింది, మళ్లీ మడత. మా ఆఫీసు వాళ్లు, ఇనుప దుకాణాల వాళ్లు గుమ్మం దగ్గర మూగి ఈలలు వేశారు. ఎంత అందంగా ఉందో! ఆ అందంలో నాకు మాత్రం పని లేదు. మూడు గంటల్లో ఒక్క మాటకూ నా అవసరం పడలేదు.

ఆఖరికి సెన్సే చెమట తుడుచుకుంటూ నా వైపు తిరిగారు. ముఖం వెలిగిపోతోంది. ఆయన అన్నది నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "చాలా మంచి ఐజుచి. నాలుగేళ్లుగా మిషన్ సమ్మెటతో పని చేస్తున్నాను. అది కొడుతుంది, జవాబివ్వదు. ఈయన జవాబిస్తారు. వచ్చే చలికాలం నా కొలిమిలో నా ఎదురుగా నిలబడతారా? అడుగు. రానుపోను ఖర్చులు నేను చూసుకుంటాను."

ఐజుచి. మా క్లాసులో నేర్పిన మొదటి మర్యాద అది. ఎదుటివాడు మాట్లాడుతుంటే మధ్యమధ్య అవును, అలాగా అంటుండాలి. అచ్చం మన ఊ కొట్టడం. రోజూ క్లయింటు ఫోన్లలో నేను చేసే పని అదే.

"అన్నా, నువ్వు బాగా ఊ కొడతావంటున్నారు," అన్నాను.

మిగతా మాట చెప్పేలోపే అందరూ పగలబడి నవ్వారు.

యాదగిరి సమ్మెట దించాడు. "ఏందీ? పొద్దుగాల్నుంచి రెక్కలు ఇరగ్గొట్టుకుంటే, నేను ఊ కొట్టెటోన్నా? మా అయ్య ముంగట సుత ఊ కొట్టలే నేను!"

అప్పుడు సెన్సే, నాకు అర్థం కాలేదేమోనని, రెండు పిడికిళ్లూ ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి దించి చూపించారు. ఐజుచి. ఎదురెదురుగా పడే సమ్మెట! మాట పుట్టిందే కొలిమిలో. ఆ ఊకు వాళ్లూ 'కొట్టడం' అనే అంటారు, మనమూ 'కొట్టడం' అంటాం. రెండేళ్ల చదువులో అంత అందమైన సంగతి నాకు ఎప్పుడూ దొరకలేదు. దొరికింది, నోరు మూసుకున్నాను.

ఎందుకు? మొదటి తప్పు తెలియక చేశాను, అక్కడివరకు నిజం. ఆ తర్వాతది? ఒక్క మాటతో సరిదిద్దవచ్చు. కానీ జపాన్ మాట ఒక్కటీ రానివాణ్ని మూడు గంటల్లో జపాన్ రమ్మంటున్నారు. నా పేరేమో నాలుగుసార్లు పడిపోయింది. అసూయ అనే మాట చిన్నదనిపిస్తుంది. నాకు వేరే మాట రాదు.

యాదగిరి ఏమన్నాడని సెన్సే అడిగారు. "ఇంటి దగ్గర ఇబ్బందులట, రాలేరట," అన్నాను. సెన్సే నడుము వంచి యాదగిరికి నమస్కరించారు. యాదగిరి అటు తిరిగి నిలబడ్డాడు.

మరుసటి ఏడు నేను జపాన్ వెళ్లాను. మూడేళ్లున్నాను. సెన్సే ఊరికి రైల్లో నాలుగు గంటలు. వెళ్లలేదు. ఆయన పోయారని తర్వాతెప్పుడో ఆయన తమ్ముడు, ఆ మేనేజరుగారే, ఉత్తరంలో రాశారు. చివరిదాకా మిషన్‌తోనే చేశారట.

పోయిన నెల రాంగోపాల్‌పేట్ వెళ్లాను, గేటు కడ్డీ విరిగితే. పాత షెడ్డు లేదు. ఒక దుకాణంలో యాదగిరి ఎక్కడని అడిగాను.

"ఎవలు, ఊకొట్టు యాదగిరా? గా సందులుంటడు."

ఇరవై ఏళ్లుగా బజారంతా ఆ పేరుతోనే పిలుస్తోంది. ఆ పేరు పెట్టింది నేను.

సందులో కిటికీ ఊచలకు వెల్డింగ్ చేస్తున్నాడు. కొలిమి లేదు. నన్ను గుర్తుపట్టాడు. నిలబడే అంతా చెప్పాను, జపాన్ వెళ్లాలన్న నా కోరికతో సహా. అతను వెల్డింగ్ మిషన్ ఆపేశాడు. తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"ఆయనేమన్నడో గది మల్ల జెప్పు," అన్నాడు. "సాఫ్ సాఫ్ జెప్పు."

చెప్పాను. మిషన్ జవాబివ్వదన్నది, ఈయన జవాబిస్తారన్నది, చలికాలం ఎదురుగా నిలబడమన్నది. ఒక్క ముక్క వదల్లేదు.

"ఇప్పుడెక్కడున్నడు?"

"పోయారన్నా."

యాదగిరి చేతిలోని ఊచను కింద పెట్టాడు. పర్వాలేదని అనలేదు. అనకూడదు కూడా. నేను మాత్రం అనాల్సింది అన్నాను. "అన్నా, ఆయన నిన్ను పొగిడారు. నేను నిన్ను నవ్వులపాలు చేశాను. తెలిసే దాచాను. తప్పు నాది. నన్ను క్షమించు."