ఫోటో వెళ్లేదాకా కూర్చున్న మామ

మా లైన్‌మన్ మామ మొన్న ఆదివారం నిద్రలోనే పోయారని తర్లుపాడు నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. ఏడుస్తూనే, "వదినా, మీ ఇంటి మోడెం కథ పోయిన వారంగూడా చెప్పి నవ్వినాడు" అంది. ఆ కథ మీకూ చెప్పాలనిపించింది.

మార్కాపురంలో మా వీధి ఫోన్లన్నీ ఆయనే చూసేవారు. చుట్టరికం లేకపోయినా నాయనను బావా అని పిలిచేవారు. అలా నాకు మామ అయ్యారు. ఇంటికి రాగానే చెంబెడు నీళ్లు తాగి, సంచి విప్పకుండా కబుర్లు మొదలుపెట్టేవారు. "ముందు మనుషులను అడగాల. తీగ సంగతి తర్వాత" అనేవారు.

నేను పోరగా పోరగా నాయన కంప్యూటర్ కొన్న రోజులవి. ఫోన్ లైన్‌ మీదే ఇంటర్నెట్. మోడెం కీచుమని అరిచి, గరగరలాడి, ఎప్పటికో కలిసేది. నాయనది పలక రాళ్ల వ్యాపారం. బెంగళూరు వ్యాపారి ఒకాయన, నేలకు పరిచే రాళ్ల ఫోటో సాయంత్రంలోగా మెయిల్ చేస్తేనే ఆర్డర్ అన్నాడు. ఒక్క ఫోటో వెళ్లడానికి అరగంట పట్టేది. సగం వెళ్లేసరికి లైన్ తెగింది. మళ్లీ పంపితే మళ్లీ తెగింది. మూడోసారీ అంతే.

"ఈ డబ్బా రేపే వాపసిచ్చేస్తా" అన్నారు నాయన. నాకు ఏడుపొచ్చింది.

మామ వచ్చి గోడ మీది జాయింటు బిగించారు, తీగ మార్చారు. కళ్లు మూసుకుని మోడెం అరుపు విన్నారు.

"ఇది బాగనే పలుకుతాందమ్మాయ్. మధ్యలో ఎవరో అడ్డమొస్తాండారు."

కింద మా దుకాణంలో అదే లైన్ మీద ఇంకో ఫోన్ ఉండేది. అది ఎత్తితే పైన ఇంటర్నెట్ తెగిపోయేది. నేరుగా అక్కడికి దిగారు. నేనూ వెంట వెళ్లాను.

"బావా, ఫోన్ ఎత్తినావా?"

"లే బావా. పాప ఎత్తొద్దనింది గదా."

"అస్సలు ముట్టుకోలేదా?"

నాయన తడబడ్డారు. "మాట్లాడలేదు. ఫోటో ఎంతదాకా పోయిందోనని చెవి పెట్టి ఇన్నా, అంతే. ఏందో కీచుమంటాంది."

మామ నవ్వలేదు. నవ్వితే నాయన నొచ్చుకుంటారని ఆయనకు తెలుసు. "నువ్వు ఇంటే అది సిగ్గుపడతాది బావా" అని స్టూలు లాక్కుని, రిసీవర్ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. ఫోటో మళ్లీ పంపడానికి నేను పైకి పరిగెత్తాను.

దొనకొండ వైపు కంది పంట దగ్గర మొదలుపెట్టి అరగంట మాట్లాడారట. నాయన చెయ్యి రెండుసార్లు ఫోన్ వైపు వెళ్లిందట. రెండుసార్లూ మామ ఆ చేతిలో టీ గ్లాసు పెట్టారట.

"పోయింది మామా!" అని పైనుంచి అరిచాను.

"మళ్లీ తెగిందా?" నాయన లేచి నిలబడ్డారు.

"లైన్ గాదు నాయనా, ఫోటో పోయింది!"

అప్పుడు నవ్వారు మామ, కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా. ఆర్డర్ వచ్చింది. ఆ దుకాణం ఇప్పుడు నేనే నడుపుతున్నాను. నాయన తనే నలుగురిలో చెప్పుకుని నవ్వేదాకా, మామ ఈ సంగతి వీధిలో ఎవరి చెవినా వేయలేదు.

పోయిన నెల ఆయన్ను చూడ్డానికి వెళ్లాను. వెలిగండ్లలో ఉన్న మనవరాలితో ఆయన సెల్‌లో మాట్లాడుతుంటే సిగ్నల్ పోయింది. డెబ్భై దాటిన మనిషి, నేను వద్దంటున్నా వినకుండా పంచె ఎగగట్టి మిద్దె మెట్లెక్కారు. ఎండలో పిట్టగోడ పక్కన నిలబడి, సెల్ పట్టుకున్న చెయ్యి ఆకాశంలోకి చాచి, "ఇప్పుడు ఇనపడతాందా బంగారూ?" అని నవ్వుతూ అరుస్తూనే ఉన్నారు.