ఫేర్ చెయ్యని పేజీ

1996 జూన్‌ల నన్ను పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీల క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌కు ఇన్‌చార్జిగ ఏసిండ్రు. అంతకు ముందు అదే ల్యాబ్‌ల తొమ్మిదేండ్లు కెమిస్టుగ చేసిన. ఆడమనిషి కింద పనిచెయ్యాల్నా అని ఇద్దరు ముగ్గురు గొణిగిండ్రు. నేను పట్టించుకోలే. సంగారెడ్డి కాలేజీల బీఎస్సీ చదివేటప్పుడే గసొంటివి మస్తు విన్న.

ఆ వానకాలంలనే నీమా వచ్చింది. టాంజానియా దేశపు పిల్ల, హైదరాబాద్‌ల ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతుండె. మూడు నెలలు ఫ్యాక్టరీల శిక్షణ తీసుకొని, తీసుకున్నట్టు సర్టిఫికెట్ పట్టుకపోతెనే డిగ్రీ. లేకుంటే ఇంకో ఏడాది ఆగాలె, వాళ్ళ సర్కారిచ్చే స్కాలర్‌షిప్పేమో నడుస్తున్న ఏడాదితోనే అయిపోతది. పొద్దుగాల బస్సుల నిలబడి వచ్చేది. క్యాంటీన్ల పచ్చిపులుసు పోసుకొని తినేది. నెల తిరగకముందే "జెర ఆగుండ్రి" అననేర్చింది.

మా ల్యాబ్‌ల ఒక అలవాటుండె. బడిల రఫ్ నోట్‌బుక్కు, ఫేర్ నోట్‌బుక్కు అని రెండు పెట్టుకుంటం గదా, అదే ఉద్యోగానికీ తెచ్చుకున్నం. తూకం చూసి అంకెను ముందు చిత్తు కాగితం మీద, అది లేకుంటే అరచేతి మీద రాసుకునేది. సాయంత్రం కూసొని ముత్యాలసొంటి అక్షరాలతోని రిజిస్టర్‌ల ఎక్కించేది. రూలు గట్ల కాదు. తూకం చూసిన చోటనే, చూసినప్పుడే పెన్నుతోని రిజిస్టర్‌ల రాయాలె. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, కింది అంకె కనబడేటట్టు ఉంచి, పక్కకు సంతకం, తారీకు పెట్టాలె. రూలు మా అందరికీ నోటికొచ్చు. రిజిస్టర్ ఖరాబైతదని ఎవ్వలం పాటించకపోతుంటిమి. నీమా రూలు చదివింది, గట్లనే చేసింది. ఆమె పేజీలల్ల కొట్టివేతలు చూసి మావోళ్ళు నవ్వేటోళ్ళు. నేను కూడ నవ్విన.

రెండో నెలల ఒక బ్యాచ్‌ది తడి పరీక్ష ఆమెకిచ్చిన. పొడిని తూచి, ఓవెన్ల మూడు గంటలు పెట్టి, చల్లారినంక మళ్ళ తూచాలె. తగ్గిన బరువంత తడి కింద లెక్క. ఉండాల్సినదానికి రెండింతలు వచ్చింది. ఆ సరుకు కోసం గేటు దగ్గర లారీ ఆగి ఉన్నది. వేరేటోళ్ళైతే చిత్తు కాగితం మీది అంకెను ముందు మేనేజర్‌కు చెప్పేటోళ్ళు. ఆయన "ఇంకోసారి సూడుండ్రి" అనేటోడు. సాయంత్రానికి రిజిస్టర్‌ల మంచి అంకె ఎక్కేది. నీమా అంకె అప్పటికే పెన్నుతోని పేజీ మీద ఉన్నది.

మేనేజర్ ల్యాబ్‌కు దిగొచ్చిండు. రిజిస్టర్ పేజీలకు నంబర్లుంటయి, చించరాదు. అందుకని కొత్త రిజిస్టర్ తీసి, నీమా రాసినవన్నీ ఆమెతోనే మళ్ళ ఫేర్ చేయించమన్నడు. ఆ ఒక్క అంకె మార్చాలె, మిగిలినవి ఉన్నవి ఉన్నట్టే. నీమా తలకాయ అడ్డంగ ఊపింది. "సార్, ఆ అంకె నేను సూసిన. నేను మార్చ" అన్నది, వచ్చీరాని తెలుగుల. సర్టిఫికెట్ ఎట్లొస్తదో సూస్త అన్నడు ఆయన. నా దిక్కు తిరిగి, "మన దేశమొచ్చి మనకే నేర్పుతదా ఏంది, మేడం?" అన్నడు.

నిజం చెప్తున్న, అప్పుడు నాకు కోపమొచ్చింది ఆ పిల్ల మీదనే. మూడు నెలలు నోరు మూసుకొని ఎల్లదీసుకపోక, నా నెత్తి మీదికి తెచ్చిందని తిట్టుకున్న. క్యాంటీన్ల అదే అడిగిన. ఆమె నిమ్మళంగ చెప్పింది. వాళ్ళమ్మ వాళ్ళ ఊరి దవాఖానల నర్సు. అక్కడ మందు డబ్బాల మీద మన దేశం పేరే ఉంటదట. కొన్ని డబ్బాలల్ల గోలీలు తడికి రంగు మారి పొడైతే వాళ్ళమ్మ ఏరి పారేసేదట. తొమ్మిదేండ్లల్ల నేను తూచిన పొడి యాడికి పోతదని ఒక్కనాడు అడగలే. సిగ్గనిపించింది.

మధ్యాహ్నం నేనే డ్రమ్ములు తెరిపిచ్చి, పైనుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి పొడి తీసి నా చేతులతోని పరీక్ష చేసిన. అంకె అదే. ఆమె రాత కింద పెన్నుతోని రాసి సంతకం పెట్టిన. బ్యాచ్‌కు ఎర్ర చీటీ అంటించిన. ఎర్ర చీటీ పడ్డ సరుకు ల్యాబ్ ఇన్‌చార్జి సంతకం లేనిది కదలదు, మేనేజర్ చెప్పినా కదలదు. లారీ ఉత్తగ పోయింది. ఆ సరుకును మళ్ళ డ్రయ్యర్ల ఏస్తె ఒక్క రోజుల ఆరింది. గింత పనికే గంత లొల్లి.

మేనేజర్ అన్నంత పని చేసి సర్టిఫికెట్ ఆపిండు. శిక్షణ అయిపోయిన నాడు తెల్ల కాగితం మీద నేనే రాసిచ్చిన, ఆమె చేసిన పరీక్షలు, రిజిస్టర్ పేజీ నంబర్లతో సహా. వాళ్ళ ప్రొఫెసర్ ఫోన్ చేసి, కంపెనీ ముద్ర ఏదమ్మా అని అడిగిండు. ముద్ర మేనేజర్ బీరువాల ఉన్నది, పని రిజిస్టర్‌ల ఉన్నది, ఏది కావాల్నో వచ్చి సూసుకోండ్రి సార్ అన్న. ఆయన నిజంగనే వచ్చిండు. గంటసేపు పేజీలు తిప్పిండు. కొట్టివేతలు చూసి నవ్వలే. నీమా ఆ ఏడాదే పాసయ్యింది.

నన్ను స్టోర్స్‌కు మార్చిండ్రు. రేకుల షెడ్డుల రెండేండ్లు. బతిమాలుతనేమో అని సూసిండ్రు, నేను బతిమాలలే. మళ్ళ ల్యాబ్‌కు తెచ్చిన నాడు మొదటి పనిగ అందరి జేబులల్ల చిత్తు కాగితాలు తీయించి బుట్టల ఏయించిన. పెద్ద దొరసాని బయలెల్లింది అన్నరు. అననీ.

నేర్చుకున్నది ఒక్కటే. కొట్టివేతలున్న పేజీని నమ్మొచ్చు. అంతకు ముందు తొమ్మిదేండ్లు నేను రాసిన పేజీలల్ల ఒక్క కొట్టివేత లేదు. వాటిని నేనే నమ్మ.