ఖాసిం గారి కరెంటు ఫియట్

తాడేపల్లిగూడెంలో షామియానాలు అద్దెకిచ్చే ఖాసిం గారికి ఒకటే జబ్బు. ఏ పనైనా ఎందుకు చేశారో నిజం చెప్పరు. అలాగని అబద్ధాలకోరు అనలేం, వాటివల్ల ఆయన బాగుపడిందేమీ లేదు. అడిగినవాళ్ల ముఖం చూసి, వాళ్లకు సరిపోయే కారణం ఒకటి అక్కడికక్కడే కుట్టి ఇస్తారు. జుట్టుకు రంగు మానేసినప్పుడు నాతో ఎండలన్నారు, మావారితో రంగు కంపెనీ మీద కోపమన్నారు, వాళ్లావిడ జులేఖా పిన్నిగారితో మాత్రం "నీకోసమే" అన్నారు. పిన్నిగారు పాపం నాలుగు రోజులు నమ్మారు.

మేం వాళ్ల మేడమీది వాటాలో అద్దెకు దిగేటప్పటికి మా పాప నెలల పిల్ల. అదీ నెలలు నిండకుండా పుట్టింది. "బరువు పెరగాలి. పాలూ నిద్రా తప్ప వేరే మందు లేదు" అన్నారు డాక్టరుగారు. నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసినదాన్ని కాబట్టి భయపడటం కూడా ఒక పద్ధతి ప్రకారం భయపడతాను. రాత్రంతా ఏడ్చి పాప తెల్లవారుజామున కునుకు తీసేది. సరిగ్గా అప్పుడే ఖాసిం గారు పెళ్లిపందిళ్లు చూసుకోవడానికి ఫియట్ తీసేవారు. అది నాలుగుసార్లు దగ్గి, ఒకసారి తుమ్మి, ఆపైన రైసుమిల్లు తిరిగినట్టు తిరిగేది. లేచిన పాప మళ్లీ మధ్యాహ్నందాకా పాలు ముట్టేది కాదు. ఇంటాయన, పైగా పెద్దాయన. ఏమని చెప్తాం?

2008 ఎండాకాలంలో ఒకరోజు తెల్లారినా కింద చప్పుడు లేదు. తొంగిచూస్తే వీధిలో షామియానా వేసి ఉంది. దాని కింద మూడు గుంజల మధ్య, గొలుసుకు వేలాడుతూ ఫియట్ ఇంజను. కొల్లేటి చేపలు తెచ్చి అమ్మే ముత్యాలమ్మ ఆ షామియానా చూసి, గంప దించి, గొంతు తగ్గించింది.

"ఎవరండీ పోయింది?"

"ఇంజనమ్మా. పెద్ద వయసు. మంచి చావే" అన్నారు ఖాసిం గారు.

"మరి కారో?"

"దానికి కరెంటుతో రెండో పెళ్లి. భోజనాలు తర్వాత చెప్తాం."

ఎందుకీ పని అని ఊరంతా అడిగింది. ఊరందరికీ సమాధానం దొరికింది. పెట్రోలు బంకు దుర్గారావుతో, "నీకు శ్రమ తగ్గిద్దామని" అన్నారు. నాతో, "భూమి వేడెక్కిపోతోందంట కదమ్మా, మన వంతు మనం చెయ్యాలి" అన్నారు. పిన్నిగారి వంతు వచ్చేసరికి, "పెట్రోలు వాసనకి నీకు తలనొప్పి కదా."

"నాకెప్పుడొచ్చిందండీ తలనొప్పి?"

"వచ్చాక చేసేదేముంది?"

గోడౌన్లో సరుకు మోసే బ్యాటరీ బండిది పాత మోటారొకటి బెజవాడ నుంచి తెచ్చారు. లేత్ షాపులో ఇనప పళ్లెం చేయించి దాన్ని గేర్‌బాక్సుకు బిగించారు. పెళ్లిళ్లలో మైకులకు వాడే బ్యాటరీలన్నీ మా మెట్ల కింద వరసగా పెట్టి ఛార్జింగు మొదలుపెట్టారు. నేను గబగబా కిందకు దిగాను.

"బాబాయ్‌గారూ, ఛార్జింగు పెడితే హైడ్రోజన్ వస్తుందండీ. రవ్వ పడితే పేలుతుంది. పైన పాప ఉంది."

"ఆక్సిజన్ రాదామ్మా?"

"అదీ వస్తుందండీ."

"ఒకటి ప్రాణం తీస్తుంది, ఒకటి కాపాడుతుంది. మన దుర్గారావు, వాళ్లావిడా లాగ."

సాయంత్రానికి మాత్రం బ్యాటరీలన్నీ పెరటి వరండాలోకీ, అక్కడుండే ఆయన మంచం మెట్ల కిందకీ మారిపోయాయి. ఎందుకండీ అంటే, "బ్యాటరీలకు ఉక్క పడదమ్మా. నాకలవాటే" అన్నారు.

మొదటిసారి కారు మార్కెట్ యార్డు దాకా వెళ్లి ఆగిపోయింది. కానిస్టేబులు బానెట్ ఎత్తించాడు.

"ఇంజనేదండీ?"

"ఇంట్లో పడుకుందండి. కొంచెం నలతగా ఉంది."

రెండోసారి వెళ్లింది, వచ్చింది కూడా. కానీ దానికి చప్పుడు లేకపోవడంతో మనుషులు గానీ మేకలు గానీ ఎవరూ తప్పుకోలేదు. బజారు పొడుగునా హారన్ మీద చెయ్యి తీయకుండా నడిపారట. ఆ మాట విని నేను నీరుగారిపోయాను. కారు విప్పి ఉన్నన్నాళ్లూ ఆయన సైకిల్ మీద వెళ్లారు. ఆ ప్రశాంతంలో పాప నిద్రపోయింది, పాలు తాగింది, బుగ్గలు వచ్చాయి. ఇక తెల్లవారుజామున మా సందులో, ఆరుబయట మంచాలూ మేకలూ తప్పించుకుంటూ ఆ హారన్ మోగితే, వచ్చిన బుగ్గలు ఎన్నాళ్లుంటాయి? కారు మళ్లీ పాడైపోవాలని దేవుడికి మొక్కుకున్నాను. సైన్సు చదివినదాన్నే.

మర్నాడు చీకటితోనే గేటు కిర్రుమంది. పాప చెవుల దగ్గర చేతులు సిద్ధంగా పెట్టుకుని కిటికీలోంచి చూశాను. ముందు జులేఖా పిన్నిగారు నడుస్తున్నారు, చేతిలో విసనకర్ర. ఒక మేకను విసనకర్రతో అదిలించి, అడ్డంగా ఉన్న మంచం మీదాయన్ని తట్టి, "కొంచెం కాళ్లు తీయండి నాయనా" అని గుసగుసలాడారు. వెనకాల పిల్లిలా ఫియట్. స్టీరింగు దగ్గర ఖాసిం గారు ఊపిరి కూడా బిగబట్టి ఉన్నారు. సందు దాటాక పిన్నిగారు వెనక్కి వచ్చేశారు. ఆ తర్వాత ఎక్కడో రైలు గేటు దగ్గర, అంతసేపూ అణచుకున్నదంతా వెళ్లగక్కుతూ హారన్ మోగింది. పాప కదల్లేదు.

సాయంత్రం పాపనెత్తుకుని కిందకు దిగాను.

"బాబాయ్‌గారూ, సందులో హారన్ కొట్టరేమండీ? పిన్నిగారిని నడిపించారు."

"మీ పిన్నికి నడక మంచిదని డాక్టరు చెప్పారమ్మా."

"ఏ డాక్టరండీ?" అంటూ పిన్నిగారు వంటింట్లోంచి వచ్చారు. "ఇంక చాలు, నిజం చెప్పేయండి. అమ్మాయ్, నీ బిడ్డ ఏడుపు విన్నప్పుడల్లా ఈయనకు ఇడ్లీ దిగేది కాదు. కారు అమ్మేస్తానంటే మా మావగారు కొన్నదని నేనే వద్దన్నాను. అందుకని దాని కడుపు కోశారు. నీకు తెలిస్తే మొహమాటపడి ఇల్లు ఖాళీ చేసేస్తావని నా నోరు కూడా కట్టేశారు."

ఖాసిం గారు దొరికిపోయారు. నా ముఖం చూశారు, కారణమేమీ తట్టలేదు. పిన్నిగారి ముఖం చూశారు, అక్కడ అసలే లాభం లేదు. నా చేతుల్లోంచి పాపను తీసుకుని ఆ ముఖం చాలాసేపు చూశారు. పాప తీరిగ్గా ఆవులించింది.

"చూశావామ్మా," అన్నారు, "ఈ ఇంట్లో ఎందుకూ ఏమిటీ అని అడగని మనిషి ఇదొక్కతే."